అత్తమ్మ పాటలు, మా రెండు పెన్‌డ్రైవులు

మా అత్తమ్మకు డెబ్భై దాటాయి. నలుగు పెట్టేటప్పుడు, తలంబ్రాలప్పుడు, అప్పగింతలప్పుడు పాడే పాటలు ఆవిడకు వచ్చినన్ని ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో మా బంధువర్గంలో ఇంకెవరికీ రావు. మా పిల్లలు బడిలో ఒడియా చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. తెలుగు రాయడం మాత్రం అంతంతే. కాబట్టి ఈ పాటలు పుస్తకంలో రాసిపెట్టినా రేపు వాళ్ళకు ఉపయోగం తక్కువ. గొంతే దాచాలి. అందుకని ఆవిడ తీరిగ్గా ఉన్నప్పుడల్లా పక్కన కూర్చుని ఫోన్‌లో రికార్డు చేస్తూ వచ్చాను.

పోగొట్టుకోవడమంటే ఏమిటో మా ఇంట్లో అందరికీ తెలుసు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా గజపతి జిల్లాలోనూ, అటు శ్రీకాకుళంలోనూ ఎంత నష్టం జరిగిందో చెప్పనక్కరలేదు. మా ఇంటి పైకప్పు కారి బీరువా తడిసింది. పెళ్ళి ఆల్బమ్ అట్టలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. విడదీయబోతే మావయ్యగారి ముఖం ఎదురు పేజీకి అంటుకుని వచ్చేసింది. ఆ ఫొటోకి ఇంకో కాపీ లేదు.

అందుకే ఫోన్‌లో ‘స్టోరేజ్ ఫుల్’ అని వచ్చినప్పుడు నాకు టెన్షన్ మొదలైంది. గూగుల్ ఖాతాలో ఉచితంగా ఇచ్చే 15 జీబీ మెయిల్‌కీ ఫొటోలకీ డ్రైవ్‌కీ కలిపే. అదెప్పుడో నిండిపోయింది. ‘ఒక పెన్‌డ్రైవ్ కొనుక్కోండి, సరిపోతుంది’ అన్నాడు ఎదురింటి అబ్బాయి. కంప్యూటర్ గురించి నాకు తెలిసింది అంతంతమాత్రం. మా వారి పాత ల్యాప్‌టాప్ ఉంది, అంతే. అక్కడినుంచి నేను నేర్చుకున్నదంతా, నాలాగే కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

కొనేటప్పుడు షాపు కుర్రాడు అడిగిన మొదటి ప్రశ్న, ‘ఫోన్‌కి పెడతారా అక్కా, కంప్యూటర్‌కా?’ అని. రెండింటికీ అన్నాను. రెండువైపులా మూతి ఉన్నది తీసి ఇచ్చాడు. ఒకవైపు కంప్యూటర్‌లో పట్టే వెడల్పు యూఎస్‌బీ, రెండోవైపు కొత్త ఫోన్లకు పట్టే టైప్-సి. ఇది దొరికితే ఇదే తీసుకోండి. లేకపోతే మామూలు పెన్‌డ్రైవ్‌ని ఫోన్‌కి తగిలించడానికి ఓటీజీ అడాప్టర్ అని ఒక చిన్న ముక్క విడిగా కొనాలి, అది ఎప్పుడూ వెతికినప్పుడు కనిపించదు. వెడల్పు మూతి లోపల నాలుక నీలం రంగులో ఉంటే సాధారణంగా యూఎస్‌బీ 3 రకం. తెల్లగానో నల్లగానో ఉంటే చాలావరకు పాత 2 రకం. 3 రకం వేగంగా కాపీ అవుతుంది, కానీ కంప్యూటర్ వైపు రంధ్రం కూడా 3 రకమైతేనే ఆ వేగం. మా ల్యాప్‌టాప్‌కి ఒకవైపు నీలం, ఇంకోవైపు నలుపు ఉన్నాయని నేను అప్పుడే గమనించాను.

బిల్లు ఇచ్చే షాపులో, పేరున్న కంపెనీది కొనమని గట్టిగా చెబుతాను. దానికి కారణం మా మరిది తెచ్చిన పెన్‌డ్రైవ్. ఎక్కడో చాలా చవగ్గా వచ్చిందని 2 టీబీ, అంటే దాదాపు రెండు వేల జీబీ, అని రాసున్నది తెచ్చాడు. కంప్యూటర్‌లో పెడితే నిజంగానే 2 టీబీ అని చూపించింది. వాడు తన ఫొటోలన్నీ ఎక్కించాడు. ఫోల్డర్లు కనిపించాయి, పేర్లు కనిపించాయి. తెరిస్తే మొదట ఎక్కించిన కొన్ని తప్ప మిగతావేవీ తెరుచుకోలేదు. లోపల ఉండేది ఏ 8 జీబీ చిప్పో, 16 జీబీ చిప్పో. దాన్ని నడిపే చిన్న చిప్‌కి మాత్రం ‘నాకు 2 టీబీ ఉంది’ అని కంప్యూటర్‌తో చెప్పమని రాసిపెట్టి ఉంటారు. అసలు చోటు అయిపోయాక రాసేవన్నీ గాల్లోకి పోతాయి, లేదా ముందు రాసినవాటి మీదే పడతాయి. ఫోన్‌లో ఇంకా ఉండబట్టి వాడి ఫొటోలు దక్కాయి. కొన్న డబ్బు మాత్రం పోయింది.

ఇది కనిపెట్టే పద్ధతి ఉంది. హెచ్2టెస్ట్‌డబ్ల్యు అని విండోస్‌కి ఉచితంగా దొరికే చిన్న ప్రోగ్రామ్. ఖాళీ డ్రైవ్‌ని మొత్తం పరీక్ష ఫైళ్ళతో నింపేసి, మళ్ళీ మొదటినుంచి చదివి, రాసిందీ చదివిందీ ఒకటేనా అని చూస్తుంది. లైనక్స్ వాడేవాళ్ళకు ఎఫ్3 అని ఉంది. నా కొత్త 64 జీబీ డ్రైవ్‌ని అలా పరీక్షకు పెట్టి వంట పనిలో పడ్డాను. గంటల పని అది, పక్కన కూర్చోనక్కరలేదు. తప్పుల్లేవని వచ్చాకే ఒక్క పాట అయినా ఎక్కించాను. కొత్త డ్రైవ్ కొన్న ప్రతివాళ్ళూ ఈ ఒక్క పని చేస్తే చాలా ఏడుపులు తప్పుతాయి.

64 కొంటే 59 చిల్లర చూపిస్తోందేమిటని అనుమానపడకండి. అది మోసం కాదు. కేబీ, ఎంబీ, జీబీ అని పైకి వెళ్ళే ప్రతి మెట్టుకీ కంపెనీ వాళ్ళు వెయ్యి చొప్పున లెక్కేస్తారు, విండోస్ 1024 చొప్పున లెక్కేస్తుంది. 1 టీబీ డిస్క్ కూడా అలాగే 931 జీబీ అని కనిపిస్తుంది.

ఇక పాటలు ఎక్కించడం. ఫోన్‌కి తగిలించగానే పైన నోటిఫికేషన్ వచ్చింది. కొన్ని ఫోన్లలో సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఓటీజీ ఆన్ చేస్తేనే కనిపిస్తుంది, మా ఆడపడుచు ఫోన్‌లో అంతే. ఫైల్స్ యాప్ తెరిచి రికార్డింగుల ఫోల్డర్ పట్టుకుంటే ‘కాపీ’ అనీ ‘మూవ్’ అనీ రెండు కనిపిస్తాయి. నేను ‘కాపీ’ తప్ప ఇంకోటి వాడను. మూవ్ అంటే అక్కడ పెడుతూ ఇక్కడ తీసేయడం. మధ్యలో కేబుల్ కదిలినా, ఫోన్ ఛార్జింగ్ అయిపోయినా ఏది ఎక్కడుందో వెతుక్కోవాలి. కాపీ చేసి, పెన్‌డ్రైవ్‌లోంచే రెండు మూడు పాటలు చివరిదాకా విని, అప్పుడు ఫోన్‌లోవి తీసేస్తే నిదానంగా, భయం లేకుండా జరుగుతుంది. అలా వినిపిస్తుంటే అత్తమ్మ దగ్గరకొచ్చి, ‘ఏటమ్మా, ఈ గోరంత దాన్లో నా పాటలన్నీ ఉన్నాయేటి?’ అని దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. పాట మధ్యలో చరణం ఒకటి మరిచిపోయానని, మళ్ళీ రికార్డు చెయ్యమని కూడా అన్నారు.

మా ఊరికి ఇలాంటి పని కొత్త కాదు. గిడుగు రామమూర్తి గారు ఈ పర్లాకిమిడిలో ఉంటూనే కొండల మీది సవరల భాష నేర్చుకుని, దాని మాటలు ఒక్కొక్కటిగా కాగితం మీదకు ఎక్కించారు. సవర భాష మీద ఆయన పుస్తకం 1931లో అచ్చయింది. ఆయన దగ్గర కలమే ఉండేది. నా దగ్గర ఫోన్ ఉండి కూడా అత్తమ్మ పాటలు దాచకపోతే ఎలా అనిపిస్తుంది నాకు.

పాటలు చిన్న ఫైళ్ళు, ఇబ్బంది పెట్టలేదు. చిక్కు వచ్చింది మా అన్నయ్య కూతురి పెళ్ళి వీడియోతో. అన్నయ్య వాళ్ళది శ్రీకాకుళం జిల్లా టెక్కలి. వీడియో వాళ్ళ కంప్యూటర్‌లో ఉందంటే, ఇంట్లో ఉన్న పాత 32 జీబీ పెన్‌డ్రైవ్ పట్టుకుని వెళ్ళాను. వీడియో 6 జీబీ, డ్రైవ్‌లో 20 జీబీకి పైగా ఖాళీ ఉంది. అయినా ఎక్కనంది. ఫైల్ మరీ పెద్దదిగా ఉందని ఇంగ్లిష్‌లో చూపించింది. ఇంత ఖాళీ పెట్టుకుని పెద్దదంటుందేమిటని అన్నయ్యకూ అర్థం కాలేదు. మా మేనల్లుడు చెప్పాడు, ‘అత్తా, అది ఫ్యాట్32లో ఉంది, ఒక్కో ఫైల్ 4 జీబీ దాటకూడదు’ అని.

సంగతేమిటంటే, డ్రైవ్‌లో ఫైళ్ళను ఎక్కడ పెట్టాలి, ఎలా గుర్తుపెట్టుకోవాలి అనేదానికి ఒక పద్ధతి ఉంటుంది. ఫ్యాట్32 పాత పద్ధతి. టీవీలు, కార్లలో పాటల ప్లేయర్లు, పాత ఫోన్లు దాదాపు అన్నీ చదువుతాయి, కానీ ఒక ఫైల్ 4 జీబీ దాటితే తీసుకోదు. ఎక్స్‌ఫ్యాట్ అనేది మైక్రోసాఫ్ట్ 2006లో తెచ్చిన పద్ధతి, దీనికి ఆ అడ్డు లేదు. విండోస్, మ్యాక్, ఇప్పటి చాలా ఫోన్లు చదువుతాయి. ఎన్‌టీఎఫ్‌ఎస్ విండోస్ సొంతది. మ్యాక్ దాన్ని చదువుతుందిగానీ మామూలుగా దానిమీద రాయలేదు, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు అసలు చూపించవు. ఫోన్‌కీ కంప్యూటర్‌కీ మధ్య తిరిగే డ్రైవ్‌కి ఎక్స్‌ఫ్యాటే మంచిదని నాకు అర్థమైంది.

మార్చడం కష్టం కాదు. కంప్యూటర్‌లో డ్రైవ్ బొమ్మ మీద కుడి నొక్కు నొక్కి ‘ఫార్మాట్’ అంటే ఏ పద్ధతి కావాలో అడుగుతుంది. అయితే ఫార్మాట్ అంటే లోపలున్నదంతా పోతుంది. అందుకని అందులో ఉన్నవి ముందు అన్నయ్య కంప్యూటర్‌లోకి తీసి పెట్టుకున్నాం. సరిగ్గా ఏ డ్రైవ్‌ని ఎంచుకున్నామో దాని పేరు పక్కన ఉండే ఇంగ్లిష్ అక్షరం, సైజు చూసుకోవాలి. అన్నయ్య కంప్యూటర్‌కి ఇంకో హార్డ్‌డిస్క్ కూడా తగిలించి ఉంటే, దాన్ని తీసేయించాకే నేను ‘సరే’ నొక్కనిచ్చాను. ‘క్విక్ ఫార్మాట్’ అని టిక్ ఉంటుంది. అది పుస్తకంలో విషయసూచిక పేజీ చించేయడం లాంటిది. లోపలి పేజీలు వెంటనే పోవు. పొరపాటున చేసినవాళ్ళు ఆ డ్రైవ్ మీద ఇంకేమీ రాయకుండా పక్కన పెడితే, ఫైళ్ళు వెనక్కి తెచ్చే ప్రోగ్రాములతో చాలాసార్లు దొరుకుతాయి. అదే కారణంగా పాత పెన్‌డ్రైవ్ ఎవరికైనా ఇచ్చేసేటప్పుడు క్విక్ ఫార్మాట్‌తో సరిపెట్టకండి.

ఎక్స్‌ఫ్యాట్ చేశాక పెళ్ళి వీడియో చక్కగా ఎక్కింది. ఇంటికి తెచ్చి మా పాత టీవీకి పెడితే డ్రైవే కనిపించలేదు. అది ఫ్యాట్32 తప్ప ఎరగదు. అప్పుడు రెండు పెన్‌డ్రైవుల లెక్క కుదిరింది మాకు. 32 జీబీది మళ్ళీ ఫ్యాట్32 చేసి టీవీకీ కారుకీ. 64 జీబీది ఎక్స్‌ఫ్యాట్, అసలు సరుకుకి. టీవీదాంట్లో పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో, ముందు 01, 02 అంకెలతో పెట్టాను. ఫోన్‌లో, కంప్యూటర్‌లో తెలుగు పేర్లు బాగానే కనిపిస్తాయిగానీ మా టీవీలోనూ మరిది కారులోనూ గళ్ళు గళ్ళుగా వస్తాయి. ఫోన్ రికార్డింగులు ఎం4ఏ రకంలో ఉంటే కారు ప్లేయర్ పలకలేదు, ఎంపీ3గా మార్చి పెడితే పలికింది.

తీసేటప్పుడు లాగేయకూడదని అందరూ అంటారు, ఎందుకో చెప్పరు. కంప్యూటర్ ‘అయిపోయింది’ అని చూపించినా కొంత సమాచారం ఇంకా తన దగ్గరే ఉంచుకుని తర్వాత రాసే పద్ధతి ఒకటి ఉంది. అప్పుడు లాగితే ఆ ఫైలే కాదు, ఏది ఎక్కడుందో చెప్పే జాబితా కూడా చెడవచ్చు. విండోస్ 10లో 2018లో వచ్చిన 1809 వెర్షన్ నుంచి, బయట తగిలించే డ్రైవులకు వెంటనే రాసేసే పద్ధతినే మామూలుగా ఉంచారు. అయినా కాపీ నడుస్తున్నప్పుడు లాగితే ఏ వెర్షనూ కాపాడదు. ఫోన్‌లో అయితే నోటిఫికేషన్‌లో ‘ఎజెక్ట్’, కంప్యూటర్‌లో కింద మూలన ఉన్న గుర్తు నొక్కి ‘ఎజెక్ట్’. డ్రైవ్ మీది దీపం మెరుస్తుంటే ఆగాలి. ‘ఇంకా వాడుకలో ఉంది’ అని మొండికేస్తే తెరిచిన ఫైళ్ళు మూసి చూడాలి, అప్పటికీ కాకపోతే కంప్యూటర్ ఆపేసి తీయాలి.

మా ఇంట్లో అందరికీ కోపం తెప్పించిన సంగతి మాత్రం ప్రింట్ల షాపులో జరిగింది. బాబు కాలేజీ దరఖాస్తుకి రెసిడెన్స్ సర్టిఫికెట్, మార్కుల జాబితాలు ప్రింట్ తీయడానికి మా వారు 64 జీబీ డ్రైవ్ పట్టుకెళ్ళారు. రోజంతా ఎవరెవరివో డ్రైవులు పెట్టే కంప్యూటర్ అది, యాంటీవైరస్ ఉన్నట్టు లేదు. ఇంటికొచ్చి చూస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా, అంటే అసలు ఫోల్డర్ కాకుండా దారి చూపే ఉత్త గుర్తులుగా, మారిపోయి ఉన్నాయి. అడిగితే షాపాయన ‘మా దగ్గర రాలేదు’ అన్నాడు. నాకు గుండె జారిపోయింది. కానీ ఈ రకం వైరస్ మామూలుగా ఫైళ్ళను చెరపదు, దాచేస్తుంది. అదే పేరుతో షార్ట్‌కట్ పెట్టి, మనం దాన్ని నొక్కగానే మన కంప్యూటర్‌లోకీ ఎక్కుతుంది. కాబట్టి షార్ట్‌కట్ నొక్కకూడదు. ఎదురింటి అబ్బాయిని పిలిచాం. ముందు యాంటీవైరస్‌తో డ్రైవ్‌ని స్కాన్ చేశాడు. తర్వాత ఫోల్డర్ ఆప్షన్లలోకి వెళ్ళి, దాచిన ఫైళ్ళు చూపించమని ఒక టిక్ పెట్టి, సిస్టమ్ ఫైళ్ళను దాచమనే ఇంకో టిక్ తీసేశాడు. ఈ రెండోది చాలామందికి తెలియదు, ఒక్క మొదటిది పెట్టి ‘ఏమీ లేవు’ అనుకుని ఫార్మాట్ కొట్టేస్తారు. పేరు లేని ఫోల్డర్ ఒకటి మసకగా కనిపించింది. తెరిస్తే అత్తమ్మ పాటలు వరసగా ఉన్నాయి. పాటలు, ఫొటోలు, వీడియోలు మాత్రం ఏరి బయటికి తీసి, డ్రైవ్ ఫార్మాట్ చేసి, అప్పుడు వెనక్కి పెట్టాం.

ఆ తర్వాత బయటి కంప్యూటర్లకు అసలు డ్రైవ్ వెళ్ళడం లేదు. ప్రింటుకి 4 జీబీది ఎప్పటిదో ఒకటి ఉంది, అందులో ఆ రోజు కావలసిన పీడీఎఫ్ ఒక్కటే ఉంటుంది. వచ్చాక ఫార్మాట్. షాపు కంప్యూటర్ డెస్క్‌టాప్ మీద మన ఆధార్ కాపీ మిగిలిపోయిందేమో చూసి తీసేయించడం కూడా మన పనే. వీలైనచోట పన్నెండు అంకెల్లో చివరి నాలుగే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వడం మేలు. ఇంకో మాట, పెన్‌డ్రైవ్‌లో తీసేసిన ఫైల్ విండోస్ రీసైకిల్ బిన్‌లోకి పోదు, నేరుగా పోతుంది. అక్కడ ‘డిలీట్’ నొక్కేముందు ఒక్క క్షణం ఆగండి.

పీడీఎఫ్ అని ఎందుకు పట్టుపడతానంటే, సరిహద్దులో ఉన్న మనకు ఇది రోజూ వచ్చే చిక్కు. టెక్కలిలో శుభలేఖ తయారుచేసిన డీటీపీ ఆయన, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ అనే ప్రోగ్రామ్ ఫైల్ పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాడు. పర్లాకిమిడిలో తెరిస్తే తెలుగు ఒక్క ముక్క లేదు, పిచ్చి గుర్తులు. అటువైపు షాపుల్లో ‘అను’ అనే పేరున్న తెలుగు ఫాంట్లు (అక్షరాల అచ్చులు) ఉంటాయి, ఇక్కడి షాపులో ఒడియా ఫాంట్లు ఉన్నాయి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌కి అది తెలుగని కూడా తెలియదు. పెన్‌డ్రైవ్ తప్పేమీ లేదందులో. పీడీఎఫ్ చేసి ఇమ్మని అడిగితే ఫాంట్ కూడా అందులోనే వచ్చేస్తుంది, ఏ ఊళ్ళో తెరిచినా అక్షరం చెక్కుచెదరదు. అటునుంచి ఇటు తెచ్చేవాళ్ళూ, ఇక్కడి ఒడియా కాగితాలు అటు పట్టుకెళ్ళేవాళ్ళూ ఇది గుర్తుపెట్టుకోండి.

వైరస్ సంగతి జరిగాక నాకు నిద్ర సరిగా పట్టలేదు. ఫోన్‌లో పాటలు తీసేశాను, అసలు రికార్డింగులు ఉన్నది ఒక్క పెన్‌డ్రైవ్‌లో. అది మోసుకెళ్ళడానికి పుట్టిన వస్తువు. లోపలి చిప్‌లో విద్యుత్ ఆవేశం రూపంలో సమాచారం నిలుస్తుంది. ఏళ్ళ తరబడి ఎక్కడా తగిలించకుండా పడేస్తే అది సన్నగిల్లవచ్చు. పైగా చొక్కా జేబులో ఉండిపోయి ఉతుకుల్లోకి వెళ్ళేంత చిన్నది. అందుకని 1 టీబీ పోర్టబుల్ హార్డ్‌డిస్క్ కొన్నాం. దానిలో పళ్ళెం తిరుగుతుంది కాబట్టి నడుస్తుండగా కదపకూడదు, కింద పడితే ప్రమాదం. ఎస్‌ఎస్‌డీ అనే చిప్‌ల డిస్క్ అయితే తిరిగే భాగాలు ఉండవు, ధర ఎక్కువ. ఇంట్లో బల్ల మీద కదలకుండా ఉండేదానికి హార్డ్‌డిస్క్ చాలనుకున్నాను. ఫోన్‌కి తగిలిస్తే కరెంటు చాలక అది ఒక్కోసారి టక్‌టక్‌మంటుంది, కంప్యూటర్‌కే పెట్టాలి.

ఇక రెండో కాపీ ఎక్కడ ఉండాలి అన్న దగ్గర ఇంట్లో చర్చ జరిగింది. టెక్కలిలో అన్నయ్య దగ్గర పెడదాం, రైలు కూడా ఉంది అన్నారు మా వారు. నేను ఒప్పుకోలేదు. తిత్లీ పలాస దగ్గర తీరం దాటి టెక్కలినీ మమ్మల్నీ కలిపే దెబ్బకొట్టింది. ఒకే తుఫాను రెండిళ్ళనూ ముంచగలిగినప్పుడు రెండు కాపీలు ఉండీ లాభమేముంది? మా ఆడపడుచుది కొరాపుట్ జిల్లా జయపురం, కొండలకు ఆవల. ఆవిడకు ఫోన్ చేసి, ‘వదినా, అమ్మ పాటలు మీ దగ్గర ఒక డిస్క్‌లో ఉంచుతారా?’ అంటే, ‘అడగాలా వదినా, పంపు’ అంది. ఇంకో డిస్క్ కొని మొత్తం కాపీ చేసి, బట్టలో చుట్టి, మరిది వెళ్ళినప్పుడు చేతికిచ్చి పంపాను. మీద కాగితం అంటించి ఏముందో, ఏ నెలలో ఎక్కించానో తెలుగులోనూ ఒడియాలోనూ రాశాను, మా పిల్లలు చదువుకునేలా.

పండక్కి ఆవిడ ఇక్కడికి వచ్చేటప్పుడు డిస్క్ తెస్తుంది. కొత్తగా రికార్డు చేసినవి అందులోకి ఎక్కించి, పాతవాటిలో అక్కడక్కడ కొన్ని తెరిచి విని, తిరిగి ఇచ్చేస్తాను. ఈ దసరాకి అత్తమ్మ మరిచిపోయానన్న ఆ చరణం కూడా చేర్చాలి.